బదరీవృక్షము క్రింద ఏలీయా

ధ్యానమునకు: 1 రాజులు 19:1–18; మార్కు 9:28–29; లూకా 10:17–20



కరవు అను మాట వినగానే మనకు ఏలీయా ప్రవక్త జ్ఞాపకమునకు వచ్చును. నీళ్లు సమృద్ధిగా నున్న దేశముల క్రైస్తవులు ఆయన చరిత్రను ఇంటిలో కూర్చుండి చదువుదురు. మనమైతే దానిని పొలము గట్టుమీద నిలిచి చదువుదుము. కెరీతు వాగు ఎండిపోయెనని చదువునప్పుడు మనకు చిత్రావతి ఇసుక కనబడును. సారెపతు విధవరాలి తొట్టి అడుగున మిగిలిన పిండిని గూర్చి చదువునప్పుడు మన తల్లులు చేటలో గింజలు లెక్కపెట్టిన దినములు కనబడును. సముద్రము మీద లేచిన చిన్న మేఘమును గూర్చి చదువునప్పుడు, విత్తనము చేతబట్టుకొని ఆకాశము వైపు చూచిన సాయంకాలములు కనబడును.

అయితే ఏలీయా చరిత్రలో మనము తరచుగా చెప్పుకొను అధ్యాయము పదునెనిమిదవది. కర్మెలు పర్వతము, దిగివచ్చిన అగ్ని, సిగ్గుపడిన నాలుగు వందల ఏబదిమంది బయలు ప్రవక్తలు, ఆ వెనుక కురిసిన గొప్ప వాన: ఇవి మన పిల్లలకు కూడ తెలియును. పందొమ్మిదవ అధ్యాయమును అంతగా చెప్పుకొనము. జయము పొందిన ఆ మనుష్యుడే అక్కడ యెజెబెలు బెదిరింపునకు భయపడి పారిపోవుచున్నాడు. బెయేర్షెబాలో తన పనివానిని విడిచిపెట్టి, ఒక దినపు ప్రయాణము అరణ్యములోనికి ఒంటరిగా పోయి, ఒక బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక బ్రదుకుట చాలునని దేవునితో అనుచున్నాడు. పరిశుద్ధ గ్రంథము తన గొప్ప ప్రవక్త జయమును వ్రాసిన పుటకు ప్రక్కనే ఆయన కూలిపోయిన దినమును కూడ దాచక వ్రాసినది. ఈ నెల మనము ఈ రెండవ పుటను ధ్యానింతము.

మొదట, దేవుడు చేసినదేమో చూడుడి. ఆయన ఏలీయాను గద్దింపలేదు. నిన్న అంత ధైర్యముగా నుంటివే, నేడు ఈ పిరికితనమేమని అడుగలేదు. నిద్రపోనిచ్చెను. దూతను పంపి వేడి రొట్టెయు నీళ్లును ఇప్పించెను. మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించెను. హోరేబు చేరిన తరువాత మాత్రమే, ఇక్కడ ఏమి చేయుచున్నావని ఆయనను అడిగెను. దేవునికి సంగతి తెలియక కాదు. ఏలీయా నోట ఆ సంగతి బయటికి రావలెనని అడిగెను. ఏలీయా తన మనస్సులోనిదంతయు చెప్పెను: నేను రోషముతో పనిచేసితిని, జనులు నిబంధనను విడిచిరి, నేనొక్కడనే మిగిలితిని, నా ప్రాణమును కూడ తీయజూచుచున్నారనెను. గాలియు భూకంపమును అగ్నియు గడచిన తరువాత, నెమ్మదియైన స్వరము అదే ప్రశ్న మరల అడిగెను. ఏలీయా అదే జవాబు మరల చెప్పెను. ఒకే మొరను రెండుసార్లు విసుగక వినిన దేవుడు మన దేవుడు.

ఏలీయా చెప్పినదంతయు లెక్కప్రకారము సరియైనదా? కాదు. ఆయన ఒక్కడే మిగులలేదు. ఓబద్యా నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచి పోషించెనని కొంత కాలము క్రిందటనే ఏలీయా స్వయముగా వినెను. దుఃఖములో అది మరచిపోయెను. బయలుకు మోకాళ్లూననివారు ఇశ్రాయేలులో ఏడువేలమంది యున్నారని ఆయనకు తెలియనే తెలియదు. బెయేర్షెబాలో పనివానిని విడిచిపెట్టి ఒంటరిగా లెక్కవేసినందున ఆ లెక్క తప్పెను. తన లెక్కను దేవుని యెదుట విప్పి చెప్పినందున అది సరిదిద్దబడెను. దేవుడు ఆయనకు చేయవలసిన పనిని ఇచ్చెను, ఎలీషా అను తోడును ఇచ్చెను, ఏడువేలమందిని గూర్చిన వార్తను ఇచ్చెను. ఈ మూడును ఏలీయా నోరు తెరచిన తరువాతనే వచ్చినవి.

ఇప్పుడు మన సీమకు వత్తము. మన అనంతపురము పీఠభూమి పడమటి కనుమల వానచాటున నున్నది; నైరుతి వానలు ఇక్కడికి చేరువేళకు పలుచబడును. తూర్పు సముద్రము దూరముగా నున్నందున ఈశాన్య వానలును కొద్దిగానే అందును. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, అదియు వేళకు రాని వానతో, మనము బ్రదుకుచున్నాము. 2022వ సంవత్సరములో జిల్లా రెండుగా విభజింపబడినది గాని మేఘములు ఆ హద్దును ఎరుగవు.

మనలో అనేకులు పండించు వేరుశెనగను గమనించుడి. దాని పువ్వు నేలపైన పూయును, కాయ నేలలోపల పండును. పూత తరువాత ఊడలు మట్టిలోనికి దిగు వేళకు పదును లేనియెడల, పైన చేను పచ్చగానే యుండును, క్రింద బుడ్డలు ఉండవు. దారిన పోవువాడు చూచి, చేను బాగున్నదే అని మెచ్చుకొనును. చెట్టును పెరికి చూచినవానికే నిజము తెలియును.

మన సంఘములలో మన మాటలును అట్లే కాలేదా? ఆదివారము గుడిబయట, ఎట్లున్నారని ఒకరినొకరము అడుగుదుము; దేవుని కృపవలన బాగున్నామందుము. కొందరి విషయములో అది నిజము. కొందరి విషయములో అది పైపచ్చ మాత్రమే. ఇంటిలో పుస్తెలు తాకట్టులో నుండును. పెద్దవాడు చదువు మాని బెంగుళూరు పనికి పోయియుండును. రాత్రి నిద్ర రాదు. అయినను పరువు పోవునని నోరు విప్పము. సాక్ష్య కూటములో పాస్ అయిన పిల్లలు, కుదిరిన పెండ్లి, నీళ్లు పడిన బోరు వినబడును. ఫెయిలైన పిల్లవాడు, ఎండిన బోరు వినబడవు. అప్పుడు వెనుక కూర్చున్న సహోదరుడు, సంఘమంతటిలో నేనొక్కడనే చెడిపోతినని లెక్కవేసికొని ఇంటికి పోవును. అది బదరీవృక్షము క్రింది లెక్కయే.

ఈ మౌనము ఎంత ప్రమాదకరమో మన జిల్లా ఎరుగును. 2000వ సంవత్సరమునకు తరువాత మన ప్రాంతమున అనేకమంది రైతులు అప్పుల భారముచేత తమ ప్రాణములను తామే తీసికొనిరి. ఆ కారణములను విచారించుటకు ప్రభుత్వము రైతు సంక్షేమ కమిషన్‌ను నియమింపవలసి వచ్చినది. దాని అధ్యక్షురాలు ఆర్థికశాస్త్రవేత్త జయతీ ఘోష్. అప్పు, కరవు, ధరల పతనము: ఇవన్నియు నిజమైన కారణములు. వాటిని సరిచేయవలసినవారు సరిచేయవలెను. మాటలచేత అప్పు తీరదు. అయితే భారము మోయుచున్నవాడు దానిని ఒక్కనికైనను చెప్పుకొనగలిగిన యెడల, ఆ రాత్రి గడచును. గడచిన రాత్రి తరువాత తెల్లవారును. తెల్లవారిన తరువాత ఏదో యొక మార్గము వెదకవచ్చును.

బోరు సంగతి చూడుడి. మన నేల క్రింద గట్టి రాయి యున్నది. ఆ రాతి పగుళ్లలో మాత్రమే నీళ్లుండును. ఒకని పొలములో రెండించుల నీళ్లు పడినవని విని ప్రక్కవాడు అప్పుచేసి బోరుబండిని పిలుచును. అంతకు ముందు ఆ మొదటివాడే మూడు బోర్లు వేసి పోగొట్టుకొనెనని అతనికి ఎవరును చెప్పలేదు. చెప్పి యుండినయెడల, ప్రక్కవాడు ఒక దినము ఆగి ఆలోచించి యుండును. చూచితిరా, ఎండిన బోరును గూర్చి నిజము చెప్పుట ఏడ్చుట కాదు. అది పొరుగువానికి చేయు సేవ. పడిన బోరును గూర్చి మాత్రమే చెప్పుట గొప్ప కాదు. అది పొరుగువానిని తెలియక గోతిలో దించుట.

ఈ సత్యమును మన ప్రాంతపు రైతులు క్రియలో చూపిరి. 2003వ సంవత్సరము మొదలుకొని కొన్ని సంవత్సరములు అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలో ఐక్యరాజ్య సమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో భూగర్భజలమును గూర్చిన ఒక పని జరిగినది. ఆరు వందలకు పైగా పల్లెలలో రైతులే, స్త్రీలును పురుషులును, వానను కొలిచిరి, బోర్లలో నీటిమట్టమును కొలిచిరి, ఆ లెక్కను ఊరిలో అందరు చూచునట్లు పలకలమీద వ్రాసిరి. రబీ పంటకు ముందు అందరును కూడి, నేలలో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని లెక్కచూచిరి. ఎవరును ఎవరిని బలవంతపెట్టలేదు, ఎవరికిని డబ్బు ఆశ చూపలేదు. నిజము అందరి కన్నుల యెదుట నుండుటచేత అనేకులు తామే వరిని తగ్గించి తక్కువ నీటి పంటలకు మరలిరి. తన బోరులో నీరు దిగిపోయినదని పలకమీద వ్రాసినవాని పరువు పోలేదు. ఊరికి బుద్ధి వచ్చినది. నీటి లెక్కను ఇట్లు గోడకు వ్రాయగలిగిన మనము, మన హృదయముల లెక్కను ఒక విశ్వాసియైన స్నేహితునికి చెప్పలేమా?

అయితే ఎట్లు చెప్పవలెను? సువార్తలలో రెండు మాదిరులున్నవి.

మొదటిది జయమును గూర్చినది. డెబ్బదిమంది శిష్యులు తిరిగివచ్చి, దయ్యములు కూడ తమకు లోబడినవని సంతోషముతో ప్రభువునకు చెప్పిరి. ప్రభువు వారి సంతోషమును అణచివేయలేదు. వినెను, తానును ఆనందించెను. కాని ఆ సంతోషమునకు మరింత గట్టి పునాది చూపెను: దయ్యములు లోబడుటచేత గాక, పరలోకమందు వారి పేరులు వ్రాయబడి యుండుటచేత సంతోషింపుమనెను. జయము నేడుండి రేపు పోవచ్చును, వ్రాయబడిన పేరు పోదు. కావున పంట వచ్చినప్పుడు సంతోషముగా చెప్పుదము. వానతో బాటు ఎవరు సహాయపడిరో, ముందు ఎన్నిసార్లు పోయినదో కూడ చెప్పుదము.

రెండవది ఓటమిని గూర్చినది. ఒక తండ్రి తన కుమారుని తీసికొనిరాగా శిష్యులు బాగుచేయలేకపోయిరి. జనులందరి యెదుట సిగ్గుపడిరి. ఆ తరువాత ఇంటిలో, ఏకాంతముగా, మేమెందుకు చేయలేకపోతిమని ప్రభువును అడిగిరి. ఇది గొప్ప ప్రశ్న. తప్పు తండ్రిదనలేదు, పిల్లవానిదనలేదు, శాస్త్రులదనలేదు. తమలో కొదువయైనదేమని అడిగిరి. ప్రభువు ప్రార్థనను గూర్చి వారికి బోధించెను. ఎదుగుదల అక్కడ మొదలైనది. ఇంకొక సంగతి కూడ గమనించుడి: వారు ఇంటిలో అడిగిరి, సంతలో కాదు. ప్రతి గాయమును ప్రతివానికి చూపనక్కరలేదు. నమ్మదగిన యొకరు ఇద్దరు చాలును.

వినువారికిని ఒక బాధ్యత యున్నది. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితో కూడ నేలమీద మౌనముగా కూర్చుండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచి, నీ పాపమే దీనికి కారణమని చెప్ప మొదలుపెట్టినప్పుడు చెడ్డ ఆదరణకర్తలైరి. పంట పోయినవానితో, నీ విశ్వాసము చాలలేదని అనకుడి. వినిన మాటను టీ అంగడికి చేర్చకుడి. దేవుడు ఏలీయాకు చేసినట్లు, మొదట రొట్టెయు నీళ్లును పెట్టుడి, తరువాత అడుగుడి, రెండుసార్లు చెప్పినను వినుడి.

తెలుగు సంఘ చరిత్రను కూడ మనము కర్మెలు వలెనే చెప్పుకొనుచున్నాము. 1878 జూలై 3వ తేదిన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని పిల్లలకు నేర్పుదుము. అది నిజము. కాని అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగు దేశమునకు వచ్చినది 1836లో. ఆ మీదట చాల ఏండ్లు ఫలము మిక్కిలి కొద్ది. నెల్లూరి మిషనును మూసివేయుదమా యని 1853లో అమెరికాలో వారి సంఘము బహిరంగముగా చర్చించినది. లెక్కలు దాచలేదు, కొదువ దాచలేదు. అన్నియు ముందుంచుకొని, విడువకూడదని తీర్మానించిరి. 1854 జనవరి 1వ తేదిన తెల్లవారుజామున ఒంగోలు కొండమీద జ్యూయెట్ దొరయు ఆయన భార్యయు ముగ్గురు తెలుగు విశ్వాసులును, ఐదుగురే, మోకరించిరి. క్లౌ దొర వచ్చినది 1865లో. 1876–78 నాటి గొప్ప కరవులో ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో పని సంపాదించి ఆకలిగొన్నవారికి కూలి యిప్పించెను. అప్పుడు బళ్లారి జిల్లాలో భాగమై యుండిన మన సీమను కూడ బాధించిన కరవు అదియే. ఆ నలువది ఏండ్లను విడిచి ఒక్క దినమును మాత్రము చెప్పిన యెడల, నేడు కొద్దిమందితో నడుచు పల్లె సంఘము నిరుత్సాహపడును. అంతయు చెప్పిన యెడల బలము పొందును.

కావున, ప్రియులారా, ఈ నెల గృహ ప్రార్థనలలో ఒక మార్పు చేయుదము. వచ్చిన మేలుతోబాటు రాని మేలును కూడ చెప్పుకొను కొంత సమయము ఉంచుదము. పెద్దలు ముందుగా చెప్పవలెను. అప్పుడు చిన్నవారికి ధైర్యము కలుగును. కొన్ని వారములుగా గుడికి రానివారి యింటికి ఇద్దరుగా వెళ్లుదము. ప్రసంగము చేయుటకు గాక కూర్చుండుటకు. బ్రదుకు మీద విసుగు పుట్టినదని ఎవరైనను అనిన యెడల దానిని తేలికగా తీసికొనక, ఆ రాత్రి వారిని ఒంటరిగా విడువక, పాస్టరు గారికిని వైద్యునికిని తెలియజేయుదము. బెయేర్షెబాలో విడువబడిన పనివాడు మనమే అయిన యెడల, పిలువకపోయినను వెంట వెళ్లుదము.

ప్రార్థన: ఏలీయా మొరను రెండుసార్లు వినిన తండ్రీ, మా మొరను కూడ వినుము. పైన పచ్చగా నుండి లోపల ఎండిన మా హృదయములను నీ యెదుట విప్పుచున్నాము. జయము కలిగినప్పుడు అతిశయము లేకుండను, ఓటమి కలిగినప్పుడు సిగ్గుచేత దాగకుండను మాకు కృప దయచేయుము. మా ప్రక్కన ఒంటరిగా నున్నవారిని మాకు చూపుము. మా నేలకు వేళకు వాన నిమ్ము. యేసు క్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.