పాప ముందుకు తిరిగేది ఎప్పుడు?

బ్యాంకు ఉద్యోగికి పిల్లల వయసు కాగితం మీద తెలుస్తుంది. 10 ఏళ్లు నిండిన పిల్లవాడు, బ్యాంకు పెట్టిన పరిమితులకు లోబడి, తన పొదుపు ఖాతాను తానే నడుపుకోవచ్చు. 18 నిండిన తర్వాత సంరక్షకుడి సంతకం చెల్లదు. ఆ పిల్లవాడు బుద్ధిమంతుడా, దుబారా మనిషా అని మేము అడగం. అడగడం మొదలుపెడితే కౌంటరు దగ్గర పని సాగదు. తేదీ అన్నది నిర్ణయించేవాడి సౌకర్యం కోసం పెట్టుకున్న కొలత. అది తప్పని అనను. అన్నిటికీ అదే కొలత చాలదని మాత్రం, మా ఇంట్లో ఒక కారు సీటు గురించి జరిగిన తర్జనభర్జన తర్వాత అనిపిస్తోంది.

మేము హోసూరులో ఉంటాం. అమ్మాయి, అల్లుడు బెంగళూరులో. దూరం 40 కిలోమీటర్లే కాబట్టి తరచు వస్తూంటారు. మనవరాలికి మొన్ననే రెండేళ్లు నిండాయి. పుట్టినప్పటినుంచి ఆ పిల్ల కారు వెనకసీటుకు బిగించిన పిల్లల సీటులో, బండి వెనకవైపుకు ముఖం పెట్టి కూర్చుంటోంది.

"ఏం బాబూ, రెండేళ్లు వచ్చాయి కదా, ఇంకా ఎన్నాళ్లు అది ఆ గోడ చూస్తూ కూర్చోవాలి? కాళ్లు కూడా ముడుచుకుపోతున్నాయి" అంది మా ఆవిడ.

"సీటుకు ఇంకా సరిపోతోంది అత్తయ్యా. పట్టనప్పుడు తిప్పుదాం" అన్నాడు అల్లుడు.

పిల్లను వెనక్కు తిప్పి కూర్చోబెట్టడం ఎందుకో ముందు చెప్పాలి. పసిపిల్లల ఒంటికి తలే పెద్ద బరువు. పుట్టినప్పుడు ఒంటి పొడవులో సుమారు నాలుగోవంతు తలే ఉంటుంది. మెడ ఎముకలు అప్పటికింకా పూర్తిగా గట్టిపడి ఉండవు. 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నో ఢీకొని సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోయిందనుకోండి. లెక్క వేస్తే, 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో సుమారు 140 కిలోల బరువై ముందుకు లాగుతుంది. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదుకు పైగా. ఒళ్లో గట్టిగా పట్టుకుంటానని చెప్పే తల్లి ప్రేమలో లోపం లేదు, చేతుల్లో అంత బలం లేదు. బిడ్డను ముందుకు తిప్పి పట్టీలతో బిగిస్తే ఒళ్లు ఆగుతుంది గాని తల ఆగదు, ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. వెనక్కు తిరిగి ఉంటే తలనూ మెడనూ వెన్నునూ కలిపి సీటు వీపే కాచుకుంటుంది. కాళ్ల మాట అంటారా, రెండేళ్ల పిల్ల ఇంట్లో రోజంతా మఠం వేసుకునే ఆడుకుంటుంది.

స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు 1960లలోనే ఇలాంటి సీటును రూపొందించాడు. వ్యోమగాముల సీట్లను చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. ఆ దేశంలో నాలుగేళ్ల దాకా వెనక్కు తిప్పి కూర్చోబెట్టడం మామూలు. ఐరోపాలో 2013లో వచ్చిన కొత్త నిబంధన కనీసం 15 నెలలు అంటుంది. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2011లో రెండేళ్లు అని చెప్పి, 2018లో ఆ అంకెను తీసేసింది. సీటు మీద రాసిన ఎత్తు, బరువుల హద్దు వచ్చేదాకా తిప్పవద్దని మాత్రం చెప్పింది. దీనికి ముందు చిన్న కథ ఉంది. వెనక్కు తిరిగిన పిల్లలకు అయిదు రెట్లు భద్రత అని 2007లో ఒక అధ్యయనం వచ్చింది. తర్వాత అందులోని లెక్క సరికాదని తేలి దాన్ని ఉపసంహరించారు. లెక్కలతో బతికేవాణ్ణి కనుక ఇది నన్ను పట్టుకుంది. అంకె పోయినా సలహా పోలేదు. సలహా నిలబడింది మెడ మీద గాని అంకె మీద కాదు. పుట్టినరోజుకు ముందురోజు అపాయం, మర్నాడు క్షేమం అని ఏ ఒంట్లోనూ రాసి ఉండదు.

మన ఇళ్లలో రెండు కొలతలూ ఉన్నాయి. అన్నప్రాశనకు నెలలు లెక్కపెడతాం, అక్షరాభ్యాసానికి ఏళ్లు లెక్కపెడతాం. కాని బోర్లపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు. అక్కడ పంచాంగం ఎవరూ చూడరు. పిల్ల అడుగు వేసిన రోజే అరిసెలు. సీటు మార్పు ఈ రెండో జాతికి చెందినది. అయితే ఒక తేడా ఉంది. అడుగు వేయడం పిల్లకు లాభం. సీటు మారడం అలా కాదు. వెనక్కు తిరిగిన సీటు నుంచి ముందుకు తిరిగిన సీటుకు, అక్కడినుంచి ఎత్తు పెంచే బూస్టర్‌కు, చివరికి పెద్దవాళ్ల బెల్టుకు మారిన కొద్దీ పిల్లకు ఉన్న రక్షణ కొంత తగ్గుతుంది. మనం దాన్ని పై తరగతికి పాసైనట్టు చూసి సంతోషపడతాం.

ఇక్కడ నాకు 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం గుర్తొస్తుంది. మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తండ్రి అయినా సరే అమ్మడానికి గాని తాకట్టు పెట్టడానికి గాని వీల్లేదు. పిల్ల పేరున సెంటు భూమి ఉంటే తండ్రి కోర్టుకు కారణం చెప్పుకోవాలి. అదే పిల్ల మెడ విషయంలో ఎవరికీ కారణం చెప్పనక్కరలేదు. "ఏడుస్తోంది, పాపం" అంటే చాలు. ఏడుపు నిజమే, జాలీ నిజమే. కాని ఆ జాలిలో పిల్ల ఇబ్బంది ఎంత, ఏడుపు వినలేని మన ఇబ్బంది ఎంత అని విడదీసి చూడాలి. పిల్ల తరఫున సంతకం పెట్టేవాడు పిల్ల కోరికకు గాని తన సుఖానికి గాని సంతకం పెట్టకూడదు, ఆమె మేలుకు పెట్టాలి. మనవరాలి బరువు, ఎత్తు చూశాం. ఆ సీటు మీద రాసిన హద్దుకు ఇంకా చాలా దూరం ఉంది. తల పైన సీటు అంచు అంగుళానికి మించి మిగిలి ఉంది. మా ఆవిడ ఆ తర్వాత పిల్ల పక్కనే వెనకసీట్లో కూర్చుంటోంది.

బూస్టర్ దగ్గర ఇంకో చిక్కుంది. 4 అడుగుల 9 అంగుళాలు, అంటే సుమారు 145 సెంటీమీటర్లు వచ్చేదాకా బూస్టర్ ఉండాలంటారు. అమెరికా వాళ్లు దానికి 8 నుంచి 12 ఏళ్లు పడుతుందని రాస్తారు. మన పిల్లల్లో చాలామంది 11, 12 ఏళ్లకు గాని ఆ ఎత్తుకు రారు. ఆ ఎనిమిదిని మాత్రం అరువు తెచ్చుకుంటే బెల్టు భుజం మీద కాక మెడకు, తుంటి మీద కాక పొట్టకు వస్తుంది. 2019 సవరణ తర్వాత మన మోటారు వాహన చట్టంలో 14 ఏళ్ల లోపు పిల్లకు బెల్టు గాని పిల్లల సీటు గాని లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. ఏది ఎప్పుడన్నది ఆ సెక్షన్ చెప్పదు. పోలీసు టేపు పట్టుకుని తిరగలేడు కదా.

ఇదంతా కారున్నవాళ్ల గొడవ అని పాఠకులు అనుకోవచ్చు. మా వీధిలో సగం పిల్లలు స్కూటరు ముందు నిలబడి బడికి వెళతారు. 9 నెలల నుంచి 4 ఏళ్ల దాకా పిల్లలను మోటారు సైకిలు మీద తీసుకెళ్తే నడిపేవారికి కట్టే పట్టీ, పిల్లకు హెల్మెట్, 40 కిలోమీటర్లకు మించని వేగం ఉండాలని 2022లో నిబంధన వచ్చింది. అందులోనూ పట్టీ నాలుగేళ్లకు ఆగిపోతుంది. నాలుగేళ్ల ఒక రోజు పిల్ల నిద్రలో ఒరగదని ఎవరు చెప్పగలరు?

మా శాఖలో కారు రుణం ఇచ్చేటప్పుడు బండికి పూర్తి బీమా ఉందా అని తప్పక చూస్తాం. బండి మాకు తాకట్టు కనుక. పిల్లల సీటు కొన్నారా అని అడిగే గడి ఆ ఫారంలో లేదు. ఈ మధ్య చంటిపిల్లలున్నవాళ్లు వస్తే నోటిమాటగా నేనే అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు. ఒకాయన మాత్రం, సీటు ధర కూడా రుణంలో కలుపుతారా అని అడిగాడు. పై ఆఫీసుకు రాశాను.