జారవలసిన చోటు

మజిల్ కారుకి గట్టి క్లచ్ కావాలని అమెరికాలో ఏ షాపుకి ఫోన్ చేసినా దాదాపు ముందుగా అడిగేది ఒకటే: బండి ఎలా వాడతారు? రోజూ ఆఫీసుకా, శని ఆదివారాలకా, డ్రాగ్ స్ట్రిప్ మీదా? అడిగినంత తేలిగ్గా జవాబు రాదు. చాలామంది ఉన్న బండి గురించి కాక, ఎప్పటికో తయారవబోయే బండి గురించి చెప్తారు. దాన్ని అబద్ధం అనలేంగానీ, నిజం అని కూడా అనలేం. 1967లో షెవ్రొలే కంపెనీ కమారో జీ/28 ఇంజనుకి 290 హార్స్‌పవర్ అని రాసింది. అసలు బలం అంతకంటే బాగా ఎక్కువని ఆ బళ్ళు తెలిసినవాళ్ళంతా అంటారు. అప్పట్లో కంపెనీలు తక్కువ చేసి చెప్పేవి, ఇప్పుడు మనకి మనం ఎక్కువ చేసి చెప్పుకుంటున్నాం.

డెట్రాయిట్ శివార్లలో నా స్నేహితుడొకడున్నాడు. వాడిది 2014 ముస్టాంగ్ జీటీ, మాన్యువల్ గేర్లు. కంపెనీ లెక్కలో 420 హార్స్‌పవర్, 390 పౌండ్-ఫుట్ టార్క్. ఇంజను మీద ఇంతవరకు చెయ్యి వెయ్యలేదు. క్లచ్ ప్లేటు అరిగిపోయి, పై గేర్లో గట్టిగా తొక్కితే ఇంజను అరవడమే తప్ప బండి అందుకోవడం లేదు. మార్చక తప్పదు కాబట్టి, 750 పౌండ్-ఫుట్ దాకా పట్టి ఉంచే క్లచ్ చూసుకున్నాడు. "ఎప్పటికైనా సూపర్‌చార్జర్ పెట్టిస్తాను కదరా, అప్పుడు మళ్ళీ గేర్‌బాక్స్ దింపించాలా?" అన్నాడు. గేర్‌బాక్స్ దింపడానికయ్యే కూలీ తెలిసినవాడెవడూ ఆ మాటని కొట్టిపారెయ్యడు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ ఈ వాదన బాగా అలవాటు. రేపు పదింతల మంది వస్తారని ఇవాళే సర్వర్లు తీసుకుంటాం. రాకపోతే అవి ఖాళీగా పడుంటాయి, డబ్బు దండగ, అంతే. క్లచ్‌లో మిగులు అలా ఓ మూల పడి ఉండదు. అది ప్రతి సిగ్నల్ దగ్గరా ఎడమకాలిని పలకరిస్తుంది.

ఎందుకంటే క్లచ్ ఎంత టార్క్ పట్టగలదన్నది నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది: ప్లేటు మీది పదార్థం ఎంత గరుకు, ప్రెషర్ ప్లేట్ ఎంత బలంగా నొక్కుతోంది, ప్లేటు ఎంత పెద్దది, రాపిడికి ఎన్ని ముఖాలున్నాయి. ఫ్లైవీల్ ఇంతే ఉంది కనక ప్లేటుని ఎక్కువ పెంచలేం. నొక్కే స్ప్రింగు బలం పెంచితే పెడల్ బరువెక్కుతుంది. ఆర్గానిక్ లైనింగ్ తీసేసి సిరామిక్ ముక్కలు పెడితే పట్టు పెరుగుతుంది, కానీ అది ఉంటే పూర్తిగా పట్టడం, లేదా పూర్తిగా వదలడం. మధ్యలో మనం హాఫ్ క్లచ్ అనుకునే ఆ చిన్న జాగా దాదాపు మాయమైపోతుంది. పార్కింగులో అడుగడుగు జరపాలంటే బండి వణుకుతుంది, గెంతుతుంది. ఇక మిగిలింది రెండు ప్లేట్ల క్లచ్. రెండు ముఖాలకి బదులు నాలుగు, కాబట్టి అంత నొక్కుడు అక్కర్లేదు, పెడల్ తేలిగ్గానే ఉంటుంది. ధర మాత్రం తేలిక కాదు. డబ్బాల మీద స్టేజ్ 1, స్టేజ్ 2 అని రాస్తారుగానీ, అందరికీ కలిపి ఒక కొలమానమంటూ ఏమీ లేదు, ఎవరి స్టేజీలు వాళ్ళవి.

జారడాన్ని మనం లోపంగా చూస్తాం. ఆగి ఉన్న బండిని తిరుగుతున్న ఇంజనుతో కలపాలంటే మధ్యలో ఏదో ఒకటి జారాల్సిందే. ఇంజను వేగం మారకుండా ఉంచి బండిని కదిలిస్తే, బండికి ఎంత శక్తి అందుతుందో దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా పోతుంది. 1,700 కిలోల బండిని గంటకి 15 కిలోమీటర్ల వేగానికి తేవడానికి సుమారు 15 కిలోజౌళ్ళు. అంటే ప్రతి సిగ్నల్ దగ్గరా చిన్న టీ గ్లాసులో సగం నీళ్ళు మరిగేంత వేడి. ఎంత ఖరీదైన క్లచ్ కొన్నా ఈ లెక్క మారదు. కదులుతున్నదానితో కదలనిదాన్ని కలిపినందుకు కట్టే పన్ను ఇది.

జారడం ఆగితే ఆ ధాటి ఎటు పోతుంది? మా చిన్నప్పుడు మాటిమాటికీ ఫ్యూజు పోతోందని విసుగెత్తి, సన్న తీగ తీసేసి లావు రాగితీగ చుట్టిన ఇళ్ళుండేవి. ఫ్యూజు పోవడం మానేసేది. గోడలో వైరింగు కాలేది. పట్టుకుంటే వదలని క్లచ్ కూడా అంతే, విరగాల్సిన బాధ్యతని గేర్‌బాక్సుకో ఇరుసుకో బదిలీ చేస్తుంది. క్లచ్ ఎంచుకోవడమంటే ముందుగా ఏది ఓడిపోవాలో ఎంచుకోవడం. 1970లో డాన్ గార్లిట్స్ రేసు బండిలో ట్రాన్స్‌మిషన్ పేలి కుడి పాదంలో కొంత పోయింది. తప్పు క్లచ్‌ది కాదనుకోండి. ఆయన ఆ తర్వాతి ఏడాది తెచ్చిన బండిలో ఇంజను తన వెనక పెట్టుకున్నాడు. పేలేది ఎలాగూ పేలుతుంది, అప్పుడు మనిషి ఎక్కడుండాలన్నదే ఆయన ఆలోచన.

నా స్నేహితుడి ఇంట్లో ఆ ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. వారంలో మూడు రోజులు ఆ ముస్టాంగ్ నడిపేది వాడి భార్య. విజయవాడలో, బెంజి సర్కిల్ రద్దీలో, వాళ్ళ నాన్నగారి మారుతి 800 మీద డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి. ఆటోమేటిక్ అంటే ఆమెకి చిన్నచూపు. "అన్నయ్యా, సూపర్‌చార్జర్ ఎప్పుడొస్తుందో ఆయనకే తెలీదు. ఆ పెడల్ తొక్కేది మాత్రం రేపట్నుంచీ నేను. అది కూడా చెప్పండి ఆయనకి," అంది. ఇంతకీ షాపువాడు అడిగింది ఎలా వాడతారు అని. మావాడు విన్నది ఎలా వాడతావు అని.

వాడి దగ్గర జవాబు లేకపోలేదు, అదీ గట్టిదే. "వాడకమే కొలతయితే ఈ కారే కొనకూడదు కదా. ఆఫీసుకి పోయిరావడానికి క్యామ్రీ చాలు. ఇంజను దగ్గర ఊరుకుని క్లచ్ దగ్గర నీతులు చెప్తావేం?" దీన్ని నేను తేలిగ్గా దాటలేకపోయాను. ఉన్నదానికి సరిపడా మాత్రమే కోరుకోమంటే అది వివేకం కాదు, పిసినారితనం. చదవనన్ని పుస్తకాలు కొనే నేను వాడికి ఆ మాట చెప్పలేను. డెట్రాయిట్ వాళ్ళకి అసలే చెప్పలేను. 1995 నుంచీ దాదాపు ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. వందల హార్స్‌పవర్ల బళ్ళు వేలకొద్దీ వచ్చి, మధ్యాహ్నానికి నడిచే వేగంతో ఒకదాని వెనక ఒకటి పాకుతుంటాయి. వాళ్ళలో ఒక్కరి మొహంలోనైనా నష్టపోయిన భావం కనిపించదు.

అయినా ఇంజనూ క్లచ్చూ ఒకటి కాదనే నాకనిపిస్తుంది. వాడని బలం ఇంజనులో నిద్రపోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా వేస్తే 420 గుర్రాలూ ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఊరుకుంటాయి. ఆ కోరిక వాడి సొంతం, దాన్ని ఎంత పెద్దదిగానైనా ఉంచుకోవచ్చు. క్లచ్ అలా ఊరుకోదు. ఆ కోరిక రోడ్డుతోనూ, సిగ్నల్‌తోనూ, పక్కవాళ్ళ మోకాలితోనూ కలిసే చోటు అదే. అక్కడ ఎప్పుడో రాబోయే రోజు కొలత పెడితే, ఆ రోజు వచ్చేదాకా వడ్డీ కట్టేది వేరేవాళ్ళు. వాడు ఒంటరిగా ఉండి, వాడి కాలే నొప్పెట్టేదైతే నేను ఇంత రాసేవాణ్ణి కాదు.

చివరికి రెండు ప్లేట్లది, ఆర్గానిక్ లైనింగుది కొన్నాడు. పట్టు వాడు మొదట అనుకున్నంత లేదు, ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువ. న్యూట్రల్లో ఉన్నప్పుడు గలగలమంటుంది, దాని గురించి ఇప్పటికీ సణుగుతుంటాడు. కొత్త క్లచ్‌ని మొదటి 500 మైళ్ళూ గట్టిగా తొక్కకుండా, ఆగుతూ కదులుతూ ఊళ్ళోనే తిప్పాలన్నారు. డ్రాగ్ స్ట్రిప్ కోసం చేసిన క్లచ్‌లకీ చాలావాటికి ఇదే నియమం, ట్రాఫిక్‌లో అరగదీస్తేగానీ అవి సరిగ్గా పట్టవు. ఆ 500 మైళ్ళలో మూడొంతులు ఆమే నడిపింది, ఆఫీసుకీ, కాస్ట్‌కోకీ, పిల్లాడి ఈత క్లాసుకీ.