నకలు చేసిన చెయ్యి ఎవరిది?

తాత చేసిన వస్తువును చూసి మనవడు అలాంటిదే మళ్లీ చేస్తే దాన్ని నకలు అనాలా? మ్యూజియం అద్దాల ముందు నిలబడినప్పుడల్లా మాకు ఈ ప్రశ్న వస్తుంది. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోనైనా, అరకులోనైనా మన ఇళ్లలో వాడిన సామాను అద్దం వెనుక ఉంటుంది. చీటీ మీద తెగ పేరు ఉంటుంది. చేసినవాడి పేరు కనబడడం అరుదు.

ఈ ప్రశ్నను మనకంటే కష్టంగా ఎదుర్కొన్నవాళ్లు హైదా ప్రజలు. కెనడా పడమటి తీరంలోని హైదా గ్వాయి ద్వీపాలు వాళ్లవి. 1862లో వచ్చిన మశూచి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. వేలల్లో ఉన్నవాళ్లు ఆ శతాబ్దం చివరికి వెయ్యి లోపే మిగిలారు. పేర్లు పెట్టుకుని, కానుకలు పంచి, హోదాను నలుగురిలో నిలబెట్టుకునే వాళ్ల పెద్ద వేడుక పాట్లాచ్. దాన్ని 1885 నుంచి 1951 దాకా కెనడా చట్టం నిషేధించింది. వేడుకే లేనప్పుడు వేడుక బట్టలు దాచే పెట్టె ఎవరికి కావాలి? అలాంటి పెట్టెలెన్నో దూరదేశాల మ్యూజియాలకు చేరాయి.

వాటిలో ఒకటి ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియంలో ఉంది. 'గ్రేట్ బాక్స్' అంటారు. ఈ రకం పెట్టెకు నాలుగు పక్కలా నాలుగు పలకలు ఉండవు. ఒకే సెడార్ పలకకు మూడు చోట్ల అడ్డంగా గాడి కోసి, ఆవిరి పట్టి, మెత్తబడ్డాక వంచుతారు. నాలుగో మూలను మాత్రం చెక్క చీలలతోనో, వేళ్ల నారతోనో కలుపుతారు. ఇనుప మేకు అక్కర్లేదు. గాడి లోతు ఎక్కువైతే పలక విరుగుతుంది, చాలకపోతే వంగదు. విల్లు వంచినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

2009లో హైదా ప్రతినిధులు ఆ మ్యూజియానికి వెళ్లి తమ వస్తువులను చూసుకున్నారు. 2014లో గ్వాయి ఎడెన్‌షా, జాలెన్ ఎడెన్‌షా అనే అన్నదమ్ములు మళ్లీ వెళ్లారు. ఇద్దరూ చెక్కుడు పనివాళ్లే. నెల రోజులు పాత పెట్టె పక్కనే కూర్చుని, గీత గీతా చూసుకుంటూ అలాంటిదే చెక్కారు. కొత్త పెట్టె హైదా గ్వాయికి చేరింది. పాతది ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉండిపోయింది.

ఇక్కడే మాలో కొందరికి కోపం వచ్చింది. అసలు వాళ్లకు, నకలు మనకా? న్యాయమైన కోపమే. కొత్తది చేసుకున్నారు కదా అని పాతదాన్ని ఉంచేసుకునే వాదం ఎవరు చేసినా మేము ఒప్పుకోం. అలాగని ఆ నెల రోజుల పనిని తక్కువ చేయలేం. ఫోటోలో గీత కనిపిస్తుంది. ఉలి ఎటునుంచి వచ్చి ఎక్కడ తిరిగిందో చెయ్యి పెడితేనే తెలుస్తుంది. ఎప్పుడో చనిపోయిన గురువు దగ్గర నెల రోజులు చదువుకున్నట్టే.

మరి తప్పు నకలు ఏది? కొత్త టేకు బల్లకు పొగ పట్టించి, గొలుసుతో కొట్టి గంట్లు పెట్టి, పాతకాలపు సామాను అని అమ్మేవాళ్లున్నారు. పనితనం బాగానే ఉండొచ్చు, కానీ ఆ బల్ల కొన్నవాడికి అబద్ధం చెబుతుంది. మన బొమ్మలను అడగకుండా అచ్చువేసి అమ్మేది ఇంకో రకం, అది చేసినవాళ్లనే మరిపిస్తుంది. హైదా అన్నదమ్ములు ఎవరి పని చూసి చేశారో, ఎప్పుడు చేశారో దాచలేదు.

ఒక చిక్కు మిగిలే ఉంది. మనలో వేల్పుల వస్తువులు కొన్నిటిని ఫలానా గోత్రం వాళ్లే చేయాలి, ఫలానా రోజే బయటికి తీయాలి. బడి ప్రదర్శన కోసం అట్టముక్కలతో వాటిని చేయించడం మేము చూశాం. పిల్లల సరదాను తప్పుపట్టలేకపోయాం, మనసూ ఒప్పుకోలేదు. ముందు ఊరి పెద్దలను అడగాలి అనడం తప్ప దీనికి మా దగ్గర జవాబు లేదు.

పీటకూ, మంచం కోడుకూ, నాగలికీ ఆ చిక్కు లేదు. పాత పెట్టె చేసినవాడిని అడిగే వీలు ఎడెన్‌షా సోదరులకు లేకపోయింది. మన గూడేల్లో బాడిసె పట్టే తాతలు ఇంకా ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లో ఒక పాత పీట ముందు పెట్టుకుని ఆయన పక్కన కూర్చుందాం. మొదటిది వంకరగానే వస్తుంది. రెండోదానికి ఆయన తిట్లు కొంచెం తగ్గుతాయి.