మేనేజరును నిలుపుకొనుట ధర్మమా?

ఇంగ్లండు దేశమున ఫుట్‌బాల్ క్లబ్బు అనగా ఆట యొక్కటియే కాదు. అది ఒక ఊరి అభిమానము, ఒక పెద్ద వ్యాపారము కూడ. దానికి పెట్టుబడి పెట్టువారు వేరు, మైదానమున ఆడువారు వేరు. వీరిరువురి నడుమ జట్టును నడుపు భారము మేనేజరుది. వర్తకుల దుకాణములలో మునీమునకు గల స్థానము వంటిదే ఆయన స్థానము. సొమ్ము ఆయనది కాదు. నష్టము వచ్చినచో మొదటి మాట పడునది మాత్రము ఆయనయే. వరుసగా నాలుగు ఆటలు ఓడినంతనే ఆయనను తొలగింపుడని ప్రేక్షకులు కేకలు వేయుదురు, పత్రికలు వ్రాయును. అట్టి సమయమున క్లబ్బు ఆయనయందు విశ్వాసము నిలుపవలెనా, విడువవలెనా? ఇది ఆటకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. పనివానియెడ యజమాని ధర్మమేమి యను విచారణ ఇందు ఇమిడియున్నది.

విశ్వాసమును సమర్థించువారు తప్పక చెప్పు ఉదాహరణము మాంచెస్టర్ యునైటెడ్. 1986 నవంబరులో ఆ క్లబ్బు అలెక్స్ ఫెర్గూసన్‌ను మేనేజరుగా నియమించినది. 1988-89లో జట్టు లీగులో 11వ స్థానమునకు, మరుసటి యేడు 13వ స్థానమునకు దిగజారినది. మూడేండ్లుగా సాకులు వినుచున్నాము, ఇక సెలవు అను భావము గల గుడ్డను 1989 డిసెంబరులో ప్రేక్షకులే మైదానమున ఎత్తిపట్టిరి. అయినను డైరెక్టర్లు ఆయనను తొలగింపలేదు. 1990లో ఎఫ్.ఎ. కప్పు దక్కినది. 1993లో, 26 సంవత్సరముల తరువాత, లీగు విజయము లభించినది. 2013లో ఆయన పదవి విరమించునాటికి అట్టి లీగు విజయములు 13 అయినవి.

ఓపిక పట్టినవారికి ఫలము తప్పదని ఇందుండి నీతి తీయుట సులభము. కాని అది సరికాదు. ఓపిక పట్టి చెడిన క్లబ్బులును కలవు. వాని కథలను ఎవరును చెప్పుకొనరు, అంతే భేదము. డైరెక్టర్లు ఓర్చుకొనిరనుట కంటె, ఏమి చూచి ఓర్చుకొనిరనునది ముఖ్యము. ఆ మూడేండ్లలో ఫెర్గూసన్ ప్రతిభగల పిల్లలను వెదకి తెచ్చు ఏర్పాటును, బాలుర జట్ల శిక్షణను బాగుచేయుచుండెను. ఆ క్లబ్బు కుర్రవాండ్రు 1992లో ఎఫ్.ఎ. యువజన కప్పు గెలిచిరి. వారిలో కొందరు 1999లో ఒకే యేట మూడు పెద్ద పోటీలు గెలిచిన జట్టునకు ఆధారమైరి. కట్టుబడిన కర్మము ఆ క్షణముననే ఫలమీయదు; బంధమునకును ఉదయమునకును నడుమ అబాధాకాలము కలదని జైన శాస్త్రము చెప్పును. మనుష్యుడు చేయు పనికిని ఇట్టి వ్యవధి కలదు. పాయింట్ల పట్టికలో కానరాని పనిని ప్రేక్షకుడు చూడలేడు, యజమాని చూడగలడు. చూడగలిగియు చూడక, గుంపు కేకనే తీర్పుగా స్వీకరించుట లోకమూఢత వంటిదే యగును.

క్లబ్బు కాకపోయినను భారత జట్టు చరిత్రలోను ఇందుకు సాక్ష్యము కలదు. హైదరాబాదు నగరవాసి సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1951 ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టు, మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో పది గోల్సు తిని ఒక్కటి మాత్రమే తిరిగి కొట్టగలిగినది. ఆ యొక్క ఓటమితోనే ఆయన విలువ కట్టియుండినచో, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సు నాల్గవ స్థానముగాని, 1962లో జకార్తా స్వర్ణముగాని ఆయన చేతిమీదుగా వచ్చియుండెడివి కావు.

ఇంతమాత్రమున రెండవ పక్షమును త్రోసివేయుట ఏకాంతవాదమగును. జట్టు క్రింది శ్రేణికి పడిపోయినచో క్లబ్బు రాబడి ఒక్కసారిగా తగ్గును. అప్పుడు టిక్కెట్లు అమ్మువారు, మైదానమును కాపాడువారు, కార్యాలయమున చిన్న జీతములు తీసికొనువారు పని కోల్పోవుట కలదు. మేనేజరునకు ఒప్పందపు సొమ్మైనను దక్కును. వీరికి అదియు లేదు. ఒకనియందు చూపు దయ పలువురికి హాని కాగలదని యజమాని మరువరాదు.

లెస్టర్ సిటీ వృత్తాంతమున ఈ చిక్కు స్పష్టముగా కానవచ్చును. ఆ చిన్న క్లబ్బు లీగు గెలుచునని 2015లో పందెములవారు ఒకటికి 5,000 ఇచ్చుటకు సిద్ధపడిరి. అంత అసంభవముగా ఎంచబడిన విజయమును క్లాడియో రానియెరి 2016 మే నెలలో సాధించెను. మరుసటి సీజనులో జట్టు పతనపు అంచునకు వచ్చినది. 2017 ఫిబ్రవరి 7న ఆయనకు తమ మద్దతు చెక్కుచెదరదని క్లబ్బు బహిరంగముగా ప్రకటించినది. అదే నెల 23న ఆయనను తొలగించినది. తరువాత జట్టు కోలుకొని 12వ స్థానమున నిలిచినది.

ఫలము చూచువాడు తొలగింపు సరియే యనును. కృతజ్ఞత చూచువాడు అన్యాయమనును. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. లీగు గెలిచినవానికి ఆజీవము పదవి రాసియిచ్చుట ఏ సంస్థకును సాధ్యము కాదు. కనుక దోషమును వెదకవలసినది తొలగింపులో కంటె ఆ ప్రకటనలో. పలికిననాడు క్లబ్బువారు నమ్మియే పలికియుండవచ్చును. కాని గడువునాటికి చెల్లింపగలనో లేదో ఎరుగక హుండీ వ్రాసినవానిని బజారు క్షమించునా? ఆ మాటను నమ్మి ఆయన పనిచేసెను. పదునారు దినములకే అది చెల్లలేదు. ఆపదలో ఉన్నవానికి ధైర్యము చెప్పుటకైనను మోయలేని మాట ఇచ్చుట సత్యాణువ్రతము పాటింపగోరువానికి తగదు. “ఈ సీజను పట్టికను బట్టి మార్చి నెలలో నిర్ణయింతుము” అనియుండినచో అది కటువుగా తోచెడిది. కాని మాట నిలిచెడిది.

కావున క్లబ్బు మేనేజరునకు ఋణపడియున్నది పదవి కాదు, న్యాయమైన పరిశీలన. పని లోలోపల పెరుగుచున్నచో కేకలకు వెరవక నిలుపుకొనవలెను. పెరుగుట లేదని తేలినచో, పాత ప్రీతిచే నాన్చి ఇతరులకు చేటు తేక, విడువవలెను. విడుచునప్పుడు కారణము ఆయన ముఖము నెదుటనే చెప్పి, ఒప్పందము ప్రకారము లెక్క తీర్చవలెను. పత్రికలవలన తన సంగతి తాను తెలిసికొను అవమానము ఆయనకు కలిగింపరాదు. మునీమును పంపివేయవలసి వచ్చిననాడు మంచి దుకాణదారు చేయునదియు ఇదియే. శాశ్వతముగా ఉంచుకొందుమని నియామకమునాడు ఎవరును చెప్పరు. న్యాయముగా చూతుమను మాట మాత్రము ఆనాడే, చెప్పకయే, ఇచ్చినట్లగును.