ఇద్దరిలో ఎవరు గొప్ప?



1953 సెప్టెంబరు 9వ తేదీన ఐర్లండు దేశంలోని కోబ్ రేవుకు ఒక ఓడ వచ్చింది. అందులో ఇద్దరు వయసు మళ్ళిన హాస్యనటులున్నారు. ఒకరు సన్నం, ఒకరు లావు. వారి మంచిరోజులు గడిచిపోయి అప్పటికే చాలా కాలమైంది. అయినా రేవు నిండా జనం! ఇంతలో కొండమీది పునీత కోల్మన్ ప్రధాన దేవాలయపు గంటలు మ్రోగసాగాయి. అవి పలికింది కీర్తన కాదు, ఆ ఇద్దరి సినిమాల మొదట్లో వచ్చే కోయిల బాణీ. అది విని ఇద్దరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. ప్రార్థనకు పిలిచే గంటలతో నవ్వుల పాట ఏమిటని ముఖం చిట్లించేవారు మనలో ఉండవచ్చు. నాకైతే ఆ గంటలు తగిన పనే చేశాయనిపిస్తుంది.

వారే స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీ. మన ఊళ్ళలోనూ లావు, సన్నం జంట కనబడితే ఆ పేర్లే పెడుతుంటాం. లారెల్ ఇంగ్లండులో, హార్డీ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పుట్టారు. 1927లో హాల్ రోచ్ స్టూడియోలో జంటగా కుదిరారు. పొడవాటి మెట్లమీదుగా పియానో మోసుకువెళ్ళే వారి చిన్న చిత్రం 'ది మ్యూజిక్ బాక్స్' (1932)కు ఆస్కార్ బహుమతి వచ్చింది. పైకెక్కిన పియానో మళ్ళీ కిందికి జారుతుంది, వీరు మళ్ళీ ఎత్తుకుంటారు. ఏళ్ళ తరబడి ఒకే తప్పును పాపసంకీర్తనంలో చెప్పుకునే మనకు ఆ కథ కొత్తదేమీ కాదు!

అసలు సంగతి ఏమంటే, ఈ ఇద్దరిలో లారెల్‌కు జీతం బాగా ఎక్కువ. హాస్య సన్నివేశాలు అల్లడం, తీసిన సినిమాను కూర్చడం అన్నీ ఆయన చూసుకునేవాడు. హార్డీ తన నటన ముగియగానే గోల్ఫు ఆటకు వెళ్ళిపోయేవాడు. ఎక్కువ పనిచేసినవానికి ఎక్కువ రావడం న్యాయమేనని ఆయన ఒప్పుకున్నాడు. పైగా ఇద్దరూ కలిసి బేరమాడకుండా స్టూడియో యజమాని వారి ఒప్పందాలు వేర్వేరు తేదీలలో ముగిసేలా వ్రాయించాడు. స్నేహితులను విడదీయడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా వారు విడిపోలేదు.

మరి ప్రభువు శిష్యులో? తమలో ఎవరు గొప్ప అని దారిలో వాదించుకున్నారు. కఫర్నాములో ఆయన అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు. కడరాత్రి భోజనం వద్ద సైతం అదే తగవు వచ్చిందని పునీత లూకా దాచకుండా వ్రాశాడు. రొట్టె విరిచి ఇచ్చిన చేతుల ఎదుటే! ఒక విచారణలో పాటల బృందంలో మైకు ఎవరి ముందుండాలన్న దానిమీద మాటలు మానుకున్న ఇద్దరు మిత్రులను నేనెరుగుదును. పూజలో సమాధానం ఇచ్చుకునే వేళకు ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు తిరిగేవారు.

డీన్ మార్టిన్, జెర్రీ లూయిస్ అనే జంటకు అదే జరిగింది. 1946 జూలై 25న అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో మొదలైన జోడీ అది. మార్టిన్ పాడేవాడు, లూయిస్ కోతిచేష్టలతో అడ్డుపడేవాడు. చప్పట్లు లూయిస్‌కే ఎక్కువ పడసాగాయి. 1954లో ఒక పత్రిక ముఖచిత్రంపై ఫొటో వేస్తూ మార్టిన్ ఉన్న భాగాన్ని కత్తిరించేసింది. సరిగ్గా పదేళ్ళకు, 1956 జూలై 25న, వారు చివరిసారి కలిసి ఆడారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి మాటలు లేవు. 1976లో లూయిస్ నడుపుతున్న ఒక టీవీ విరాళాల కార్యక్రమంలోకి గాయకుడు ఫ్రాంక్ సినాట్రా ముందుగా చెప్పకుండా మార్టిన్‌ను తీసుకువచ్చాడు. అందరి ఎదుట కౌగలించుకున్నారు. కౌగిలితోనే అంతా సర్దుకుపోలేదు. 1987లో మార్టిన్ కొడుకు విమాన ప్రమాదంలో మరణించాడు. లూయిస్ ఆ అంత్యక్రియలకు వెళ్ళి, వెనుక నిలబడి, ఎవరికీ కనబడకుండా వచ్చేశాడు. ఆ సంగతి తెలిసి మార్టినే ఆయనకు ఫోను చేశాడు.

మార్కును వెంట తీసుకుపోవడం గురించి పునీత పౌలు, బర్నబాలు తీవ్రంగా తగవుపడి చెరొక దారి పట్టిన సంగతి మనం చదివాం. కాని అదే పౌలు చెరసాలలో ఉండి, మార్కును వెంటబెట్టుకు రమ్మని తిమోతికి కబురు పంపాడు. మధ్యలో ఎవరు ముందు మెత్తబడ్డారో గ్రంథంలో లేదు. ఎవరో ఒకరు మెత్తబడి ఉండాలి గదా!

హార్డీ 1956లో పక్షవాతంతో మంచానపడ్డాడు, మాట పడిపోయింది. 1957 ఆగస్టు 7న కన్నుమూశాడు. ఆరోగ్యం సరిగాలేక లారెల్ అంత్యక్రియలకు వెళ్ళలేకపోయాడు. తరువాత ఏడున్నరేళ్ళు బతికి 1965 ఫిబ్రవరిలో పోయాడు. ఈ ఏడున్నరేళ్ళలో ఒక్కసారి కూడా నటించలేదు. ఉత్తరం వ్రాసినవారికి జవాబులిస్తూ, ఎవరూ ఆడని చిన్న చిన్న హాస్య సన్నివేశాలు వ్రాస్తూ గడిపాడు. వాటిలో ఎప్పుడూ ఇద్దరే ఉండేవారు.