ఎవరి కొలత?

మా అమ్మకు ఎడమ రొమ్ము లేదు. ఆరేళ్ళ క్రితం కాన్సర్ ఆపరేషన్‌లో తీసేశారు. చంకలోని గ్రంథులు కూడా తీసేయడంతో ఆ చేతిలో నీరు చేరుతుంది. ఒకరోజు తక్కువ, ఒకరోజు ఎక్కువ. బజారులో దొరికే స్వెటర్లన్నీ రెండు చేతులూ ఒకటేననీ, ఎదురుగా రెండు వైపులా సమానమేననీ నమ్మి కుట్టినవి. కుడిచేతికి సరిపోయింది ఎడమచేతికి ఎక్కదు. ఎడమచేతికి ఎక్కేది కొంటే భుజాలు జారిపోతాయి. ఆదిలాబాద్ చలికి ఆమె నాలుగేళ్ళుగా శాలువా కప్పుకునే తిరుగుతోంది.

అందుకని స్వెటర్ నేనే అల్లుతానన్నాను. ఢిల్లీలో పరిశోధన చేసే రోజుల్లో, చలికాలపు ఎండలో డాబా మీద కూర్చునే పక్కింటి ఆంటీ దగ్గర నేర్చుకున్న విద్య అది. పిహెచ్.డి. కంటే ముందే పూర్తయింది. ఆమె నాకు నేర్పినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది కేబుల్. మన కళ్ళకది జడే. ఆరు కుట్లలో మొదటి మూడింటిని ఓ పొట్టి సూది మీదికి తీసి పక్కన పెట్టి, తర్వాతి మూడింటిని ముందు అల్లి, పక్కన పెట్టినవాటిని ఆ తర్వాత అల్లాలి. పొట్టి సూదిని ముందుకు పెడితే మెలిక ఎడమకు వాలుతుంది, వెనక్కి పెడితే కుడికి. అంతే. వరుస తప్పిన కుట్లే జడ. మెలికపడిన చోట అల్లిక రెండు పొరలవుతుంది కాబట్టి వెచ్చగా ఉంటుంది. కానీ అదే మెలిక బట్టని లోపలికి లాగుతుంది. నేను తీసుకున్న ఊలుతో మామూలు అల్లికలో అంగుళానికి 5 కుట్లు పడితే, జడలు దగ్గర దగ్గరగా వేసినచోట ఆరున్నర దాకా పట్టాయి. పైగా అక్కడ సాగే గుణం తగ్గిపోతుంది. వాచే చేతికి జడ పనికిరాదని అప్పుడే అర్థమైంది. కుడి చేతికి 66 కుట్లు, ఎడమ చేతికి 78, ఎడమది పూర్తిగా సాదా అల్లిక అని రాసుకున్నాను.

అసలు పని ఎదురు భాగంలో పెట్టుకున్నాను. రెండు వైపులా ఒకే జడలు. కుడివైపు పన్నెండు వరుసలకోసారి మెలిక, ఎడమవైపు ఆరు వరుసలకోసారి. దూరం నుంచి చూస్తే రెండూ జడలే. కానీ ఎడమవైపు అల్లిక దిట్టంగా, ఉబ్బెత్తుగా లేస్తుంది. లేనిచోట ఉన్నట్టు కనిపిస్తుంది. లాగేసిన వెడల్పుకి కుట్లు పెంచుకున్నాను. కాగితం మీద గళ్ళు గీసి లెక్క సరిపోయినప్పుడు చాలా గర్వపడ్డాను.

సంక్రాంతికి ముందు ఎడమ భాగం పూర్తిచేసి అమ్మ చేతిలో పెట్టాను. ఆమె వేళ్ళతో తడిమి, తిప్పి చూసింది.

“ఇదెందుకు ఇంత మందంగున్నది?”

“రెండు వైపులా సమంగా ఉంటుందని.”

“రాత్రిపూట ఇంట్ల ఏసుకునే స్వెటర్ ఇది. ఇంట్ల ఉండేది నేనొక్కదాన్నే. నువ్వొస్తే నువ్వు. ఎవరి కోసం దాస్తున్నవ్ బిడ్డా?”

నా దగ్గర సమాధానం లేదు.

అమ్మేమీ దాచుకోని మనిషి కాదు. ఆపరేషన్ తర్వాత మళ్ళీ బడికి వెళ్ళిన మొదటిరోజు స్టాఫ్‌రూములో కొన్ని చూపులు ముందు ఆమె ముఖం మీద కాక పైట మీద వాలాయి. మర్నాటి నుంచి రిటైరయ్యేదాకా జాకెట్లో రుమాలు మడిచి పెట్టుకునే వెళ్ళింది. పెళ్ళిళ్ళకు ఇప్పటికీ పెట్టుకుంటుంది. ఇంటికి రాగానే తీసి దండెం మీద పడేస్తుంది. రుమాలు పెట్టుకోవడం ఆమె నిర్ణయమే. ఆ నిర్ణయం తీసుకునేలా చేసిన చూపు మాత్రం ఆమెది కాదు. ఈ రెండూ ఏకకాలంలో నిజమే కాబట్టి, దాచుకునే స్త్రీని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదనుకుంటాను. కానీ తానుగా దాచుకోవడం వేరు, మరొకరు దాచిపెట్టడం వేరు.

ఆడ్రీ లార్డ్ ‘ద కాన్సర్ జర్నల్స్’ 1980లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే, అలా రావడం అక్కడి వాళ్ళ మనోధైర్యానికి మంచిది కాదన్నట్టు నర్సు మందలించిందని లార్డ్ అందులో రాసింది. ఆ పుస్తకాన్ని నేను రెండుసార్లు క్లాసులో పాఠం చెప్పాను. ఆ నర్సు మాటలో పితృస్వామ్యం ఎలా పనిచేస్తోందో విద్యార్థులకు విడమరిచి చెప్పాను. ఆ తర్వాత ఇంటికొచ్చి మా అమ్మకు ఊలుతో ఒక రొమ్ము అల్లాను. పాఠం నోటికొచ్చింది, చేతికి రాలేదు.

బజారు బట్ట ‘సరైన’ శరీరపు కొలతని బయటనుంచి రుద్దుతుంది. దానికి విరుగుడు మన కొలతకి మనం చేసుకోవడమేనని అనుకుంటాం. నేనూ అనుకున్నాను. కానీ ఒక మనిషి కోసం ప్రత్యేకంగా చేసే వస్తువులోకి కూడా అదే కొలత ప్రేమ పేరుతో చొరబడగలదు. పైగా బజారు బట్టని వద్దనొచ్చు. కూతురు రెండు నెలలు కూర్చుని అల్లినదాన్ని ఏ తల్లి వద్దంటుంది? కానుకలోని అధికారం అక్కడే ఉంది.

కేబుల్ స్వెటర్లకు పేరుపడ్డవి ఐర్లండ్ పడమటి తీరంలోని ఆరన్ దీవులు. అక్కడ ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉండేదనీ, సముద్రంలో మునిగిన జాలరి శవం ఒడ్డుకి కొట్టుకొస్తే స్వెటర్‌ని బట్టి గుర్తుపట్టేవారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి ఆధారాల్లేవని అల్లికల చరిత్ర రాసినవాళ్ళు చెబుతున్నారు. మనమిప్పుడు చూసే ఆ స్వెటర్లు 20వ శతాబ్దంలో రూపుదిద్దుకున్నవి, చాలామటుకు అమ్మకానికి స్త్రీలు అల్లినవి. ఆ కథకి మూలమని చాలామంది చెప్పేది 1904లో ప్రదర్శించిన సింజ్ నాటిక ‘రైడర్స్ టు ది సీ’. అందులో ఉన్నది స్వెటర్ కాదు, ఒక మేజోడు. కుటుంబ చిహ్నమూ కాదు. చెల్లెలు తను వేసిన కుట్లు లెక్కపెట్టి, వాటిలో తను జారవిడిచిన నాలుగింటిని బట్టి అది అన్నదేనని పోల్చుకుంటుంది. ఆమె గుర్తుపట్టింది తన చేతినీ, తన తప్పునీ. ఆ స్త్రీ లెక్క చెరిగిపోయి వంశచిహ్నం మాత్రం మిగలడం ఎలా జరిగిందో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కర్లేదు. నన్ను ఆపింది మరొకటి. ఆ చెల్లెలు గుర్తుపట్టగలిగింది ఉన్నదున్నట్టు చూసింది కాబట్టి. నేను ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మా అమ్మ గాయాన్ని చూడలేదు. కొలతలు కూడా పైట మీదనుంచే తీశాను. మిగతాది ఊహించాను.

ఎవరి కోసం దాస్తున్నవ్ అంటే, నా కోసమే.

ఆ రాత్రి టేపు మళ్ళీ తీశాను. అమ్మ పైట తీసి నిలబడింది. చంక నుంచి రొమ్ము ఎముక దాకా ఏటవాలుగా ఒక గీత. చర్మం అక్కడ పల్చగా, మెరుస్తూ ఉంది. కొలత తీసుకోవడమంటే ముందు చూడటమని, ఇన్నేళ్ళు అల్లినా నాకు అప్పుడే తెలిసింది.

ఇంకో తప్పు కూడా చేయబోయాను. ఆ గీత వెంబడే ఏటవాలుగా ఒకే ఒక్క జడ వేస్తానన్నాను. దాచకుండా, ధిక్కారంగా. చెబుతున్నప్పుడే నా మనసులో ఒక వ్యాసం తయారవుతోంది. అమ్మ నవ్వింది. “మచ్చకు జడ ఏందే? అక్కడ ఒరుసుకపోతది. మెత్తగ ఉండాలె, అంతే.” దాచడం నా అవసరమైనట్టే చాటడమూ నా అవసరమే. ఆమెకు కావలసింది వెచ్చదనం, వెన్ను మీద మరీ ముఖ్యంగా.

విప్పేశాను. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. తడిపి, ఆరబెట్టి, మళ్ళీ ఉండ చుట్టాను. ఎడమవైపు సాదా అల్లిక, బల్లపరుపుగా. కుడివైపు రెండు జడలు. వీపు నిండా జడలు. వీపు మధ్యలో ఒక మెలిక ఎడమకు బదులు కుడికి వాలిపోయింది. పది వరుసలు దాటాక గానీ చూసుకోలేదు. అమ్మకు చూపిస్తే “ఉండనియ్” అంది.

ఇదంతా రాయొచ్చా అని కూడా ఆమెనే అడిగాను. చదివి వినిపించమంది. రెండు వాక్యాలు కొట్టేయమంది, కొట్టేశాను.

స్వెటర్ ఇప్పుడు ఆమె ఒంటి మీద ఉంది. నా కళ్ళకది ఇంకా కొంచెం వంకరగానే కనిపిస్తోంది, అలవాటు కావాలి. రెండు ఉండలు మిగిలాయి. చెయ్యి వాపు మారుతూ ఉంటుంది కాబట్టి వాటిని దాచి ఉంచాను. వచ్చే చలికాలానికి మళ్ళీ కొలవాలి.