దీపం తగ్గించే చేయి

పగిడ్యాలలో మా పిన్ని పడగ్గదిలో రాత్రి పదయ్యేసరికి దీపం దానంతటదే తగ్గిపోతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, సంక్రాంతికి వచ్చి గోడకి కొత్తరకం డిమ్మర్ స్విచ్ బిగించి పోయాడు. దాని పగ్గాలు వాడి ఫోనులో ఉంటాయి. పదింటికి ఇరవై శాతం వెలుతురు, పదకొండింటికి చీకటి!

నేను వెళ్లిన రాత్రి పిన్ని చేతిలో పుస్తకం ఉంది. పదయింది, గది మసకబారింది. అంతటితో ఊరుకుందా, బల్బు కళ్లార్పినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"చూసినావా? వాడెందుకే నా దీపం తగ్గించేది? నేనేమన్నా అడిగినానా?" అంది పిన్ని.

బల్బు సంగతి తేలిగ్గానే తేలింది. పాతకాలపు బల్బులో ఉండేది తీగ. కరెంటు తగ్గిస్తే తీగ వేడి తగ్గి, ఎర్రబడి, బుద్ధిగా మసకబారేది. ఎల్‌ఈడీ లోపల డ్రైవర్ అనే చిన్న యంత్రాంగం ఉంటుంది. డిమ్మర్ కరెంటును ముక్కలు చేసి పంపిస్తే మామూలు డ్రైవర్ తికమకపడి రెపరెపలాడుతుంది. డిమ్మర్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న బల్బే కొనాలి. మర్నాడు ఎలక్ట్రీషియన్ అలాంటిది తెచ్చి పెట్టాడు. రెపరెపలు పోయాయి. పిన్ని ప్రశ్న పోలేదు.

తమ్ముడికి ఫోన్ చేశాను. "రాత్రి వెలుతురు ఎక్కువైతే నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గుతుందక్కా. అమ్మ పన్నెండు దాకా చదువుతుంది, పొద్దున తల తిరుగుతోందంటుంది" అన్నాడు. వాడన్నది అబద్ధం కాదు. కాకపోతే ఇంకో నిజం కూడా ఉంది. అరవై దాటిన కంటిలో పాప చిన్నదవుతుంది, కటకం పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ల కంటికి అందే వెలుతురులో దాదాపు మూడోవంతే లోపలికి పోతుంది. వాడి కంటికి చాలిన ఇరవై శాతం వాళ్లమ్మకి చీకటే.

ఆ మాటకొస్తే ఆడవాళ్లు చదువుకునే దీపం మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి చేయి ఉంటూనే వచ్చింది. లాంతరు రోజుల్లో కిరసనాయిలు ఖర్చు, వత్తి తగ్గించు. తర్వాత అరవై వాట్ల బల్బు, కరెంటు బిల్లు. దీపం ఆర్పు అనడం అశుభమని 'ఘనం చెయ్యి' అనేవారు మన పెద్దలు. దీపానికి జరిగిన మర్యాద, దాని కింద చదువుకునే మనిషికి జరగలేదు! ఇప్పుడా ఖర్చు సాకు కూడా లేదు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ ఒక్క యూనిట్‌తో నూట పది గంటలు వెలుగుతుంది. మా నంద్యాల, కర్నూలు జిల్లాల్లో గని, శకునాల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కే వచ్చింది. "గని కాడ అంత కరెంటు పుడుతుంటే నాకు ఇరవై శాతమా?" అంటుంది పిన్ని.

సాకు మారింది, నిజమే. ఇప్పటిది ప్రేమ. ప్రేమతో దీపం తగ్గిస్తే తప్పెలా అవుతుందంటారా? నిద్రపోతున్న పసిబిడ్డకి తగ్గిస్తే కాదు. మేలుకుని ఉన్న మనిషికి, అడగకుండా తగ్గిస్తే?

తమ్ముణ్ణి అనేముందు నేనేం తక్కువ తిన్నానని! నాన్న ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన చలికాలం, రోజూ తొమ్మిదింటికి ఆయన గదిలో లైటు తీసేసేదాన్ని. డాక్టరు విశ్రాంతి అన్నాడు మరి. నాన్న ఒక్కనాడూ కాదనలేదు. ఒకరోజు తెల్లారి వెళితే నిద్రలో ఆయన ముఖాన కళ్లజోడు అలాగే ఉంది. చీకట్లో దాన్ని తియ్యకుండా ఎంతసేపు పడుకున్నారో నేనడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

"పాత స్విచ్ పెట్టేమంటారా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

పిన్ని కాసేపు ఆలోచించింది. "ఉండనీలే నాయనా. నా గదిలో లైటు వెలుగుతుండేది వాని ఫోన్లో కనపడుతుందంట గదా. అది కనపడనీ. తగ్గించేది మాత్రం నా చేతికి ఇయ్యమను."

తమ్ముడు కొంచెం నొచ్చుకున్నాడు గాని, ఆ సాయంత్రమే ఫోనులో టైములన్నీ తీసేశాడు. రాత్రి పదకొండున్నరకి నా ఫోను మోగింది.

"అమ్మ ఇంకా చదువుతోందా అక్కా?"

పక్క గదిలో పేజీ తిప్పిన చప్పుడయింది. చదువుతోందన్నాను.